“మరచితిని” అనుట జవాబగునా?



ఈ నెల మీ యెదుట ఒక ప్రశ్న నుంచగోరుచున్నాను. ఒకడు ఒక పనిని శ్రద్ధగా నేర్చుకొనెను. కాలము గడచినది. ఆ పని అవసరమైన దినమున అది అతనికి జ్ఞాపకము రాలేదు. దానివలన పొరుగువానికి నష్టము కలిగినది. “నేను కావలెనని చేయలేదు, మరచితిని” అని అతడు చెప్పును. ఈ మాట జవాబగునా? మరచుట తప్పా, లేక శరీర బలహీనత మాత్రమేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకలేదు. మా యూరి కాలువ గట్టుమీద దొరికినది.

నేను సెమినరీలో చదువుకొను దినములలో మాకు రెండు దినములు ప్రథమ చికిత్స నేర్పిరి. నీట మునిగినవానికి, ఊపిరి ఆగినవానికి ఏమి చేయవలెనో రబ్బరు బొమ్మమీద చూపి, మాచేత చేయించిరి. నేను బాగుగానే చేసితిని. మంచి మార్కులు వచ్చినవి. యోగ్యతాపత్రము నిచ్చిరి. దానికి అద్దము కట్టించి, ముందు గదిలో నా అభిషేకపు ఫొటో ప్రక్కన తగిలించితిని. ఏ యూరికి బదిలీయైనను అది నాతోకూడ వచ్చినది. ఇరువది సంవత్సరములుగా మా యింటికి వచ్చినవారు దానిని చూచి, అయ్యగారికి కొంత వైద్యము కూడ తెలియునని అనుకొనుచుండిరి. నేనును అట్లే అనుకొనుచుంటిని.

గత సంవత్సరము కాలువకు నీరు వదలిన కొలది దినములకు, ఎనిమిదేండ్ల బాలుడొకడు గట్టున ఆడుకొనుచు జారి నీటిలో పడెను. రేవులో బట్టలుతుకుచున్న స్త్రీలు కేకలు వేసిరి. ఇద్దరు యువకులు దూకి వానిని బయటికి తెచ్చిరి. పిల్లవానిలో చలనము లేదు. మన యూళ్ల అలవాటు చొప్పున ఒకడు వానిని తలక్రిందులుగా భుజముమీద వేసికొని పరుగెత్తసాగెను. అట్లు చేయరాదని మాత్రము నాకు జ్ఞాపకమున్నది. “దింపండి, దింపండి” అని కేకవేసి, వానిని గట్టుమీద వెల్లకిల పరుండబెట్టించి, ప్రక్కన మోకాళ్లూనితిని. అందరును నావైపు చూచుచుండిరి.

అంతవరకే. ఆ తరువాత ఏమి చేయవలెనో నా చేతులకు తెలియలేదు. ముందు రొమ్ము నొక్కవలెనా, ముందు ఊపిరి ఊదవలెనా? ఎన్ని మారులు? చిన్న పిల్లవానికి ఒక చేయియా, రెండు చేతులా? ఒకప్పుడు గడగడ అప్పగించిన లెక్కలు ఒక్కటియు రాలేదు. చేతులు చాపి అట్లే యుంటిని. ఎంతసేపో చెప్పలేను, అర నిమిషము కావచ్చును. ఊపిరి లేని బిడ్డకు అర నిమిషము తక్కువ కాలము కాదు.

అప్పుడు జనమును త్రోసికొని ఒక అమ్మాయి వచ్చినది. మా సంఘములోని పిల్లయే. పట్టణములో నర్సు చదువు చదువుచు సెలవులకు వచ్చియున్నది. “అయ్యగారూ, కొంచెం జరగండి” అన్నది. పిల్లవాని తల కొంచెము వెనుకకు వంచి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఊదినది. నీట మునిగినవానికి మొదట కావలసినది గాలి. తరువాత రొమ్ము నొక్కినది, మరల ఊదినది. కొంతసేపటికి పిల్లవాడు దగ్గి, నీళ్లు కక్కి, ఏడ్చెను. దేవునికి స్తోత్రము. వెంటనే ఆటోలో ఆసుపత్రికి పంపితిమి.

“నీకింత చక్కగా ఎట్లు జ్ఞాపకమున్నదమ్మా?” అని ఆ సాయంకాలము ఆమెను అడిగితిని. “జ్ఞాపకమేముందండీ, నెలనెలా మాచేత బొమ్మమీద చేయిస్తారు” అన్నది. మరునాటి ఉదయపు బస్సుకు వెళ్లిపోయినది.

ఆ పిల్లవాని తల్లి కూలిపని నుండి పరుగెత్తుకొని వచ్చునప్పటికి, నేను బిడ్డ ప్రక్కన మోకాళ్లమీద నుంటిని. ఆమె చూచినది అదియే. రెండు దినములైన తరువాత ఆమె ఒక నాటుకోడిని తెచ్చి మా గుమ్మము ముందర పెట్టి, “అయ్యగారూ, మీరుండబట్టి నా బిడ్డ బతికాడు” అని కన్నీళ్లు తుడుచుకొన్నది. నేను “దేవుని కృప అమ్మా” అంటిని. ఆ మాట నిజమే. కాని ఆ నిజమైన మాటను అడ్డము పెట్టుకొని మరియొక నిజమును దాచితిని. గోడమీదనున్న యోగ్యతాపత్రము నన్ను చూచుచున్నట్టుండెను.

చదువరులారా, అప్పటినుండి ఈ విషయమును గూర్చి కొంత చదివితిని, కొంత విచారించితిని. నాకు తెలిసినది మీకు చెప్పెదను.

మొదట, మరపు అనునది ఎట్టిదో చూతము. జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు 1885వ సంవత్సరములో జ్ఞాపకమును గూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. అతడు అర్థములేని అక్షరపు ముక్కలను వరుసలుగా కూర్చి వాటిని కంఠస్థము చేసెను. తానే విద్యార్థి, తానే పరీక్షకుడు. కొంతకాలము పోనిచ్చి ఆ వరుసనే మరల నేర్చుకొని, మొదటికంటె ఎంత కాలము ఆదా అయినదో లెక్క చూచెను. 20 నిమిషముల తరువాత నేర్చుకొనిన యెడల నూటికి 58 వంతులు ఆదా అయ్యెను. ఒక గంట తరువాత 44, ఒక దినము తరువాత 34, ఆరు దినముల తరువాత 25, ఒక నెల తరువాత 21 వంతులు ఆదా అయ్యెను. 2015వ సంవత్సరములో ఆమ్‌స్టర్‌డాం నగరపు పండితులు ఈ పరీక్షను మరల చేసి, ఇంచుమించు ఇట్టి ఫలితమునే ప్రకటించిరి.

ఈ లెక్కలో రెండు సంగతులున్నవి. మరపు చివరిలో వచ్చునది కాదు, మొదటిలోనే వచ్చును. నేర్చుకొనిన మొదటి దినముననే ఎక్కువ భాగము జారిపోవును. మిగిలిన కొంచెము మాత్రము మెల్లగా తరుగును. రెండవది, పూర్తిగా పోయినదనుకొనినది కూడ పూర్తిగా పోలేదు. ఒక నెల తరువాత సయితము రెండవసారి నేర్చుకొనుట సులభమే. అర్థములేని ముక్కలకే ఇట్లున్నది. అర్థముగల పాఠము ఇంకను ఎక్కువ కాలము నిలుచును. కాని దాని త్రోవయు ఇదియే.

అతడు కనుగొనిన మరియొక సంగతి మన రైతులకు సులభముగా తెలియును. ఒక వరుసను ఒకే దినమున 68 మారులు చదివినందువలన మరునాడు ఎంత లాభము కనబడెనో, మూడు దినములకు పంచి 38 మారులు చదివినందువలన అంత లాభము కనబడెను. నారుమడికి వారమునకు కావలసిన నీరంతయు ఒకే పూట పెట్టినవాడు నీటిని పోగొట్టుకొనును, నారును కూడ పోగొట్టుకొనును. కొంచెము కొంచెముగా, తగిన వ్యవధి నిచ్చి పెట్టినవానికి తక్కువ నీరే చాలును. రెండు దినములు నేర్పి, ఇరువది సంవత్సరములు విడిచిపెట్టినవారు నన్ను ఒకే పూట తడిపిరి. ఆ తరువాత నన్ను నేను తడుపుకొనలేదు.

అయితే అన్ని పనులును ఒకే రీతిగా మరపునకు రావు. సైకిలు త్రొక్కుట, ఈదుట, నాగలి పట్టుట మొదలగు పనులలో ఒక కదలిక మరియొక కదలికను లాగుకొనుచు పోవును. అట్టివి చాల సంవత్సరములు నిలుచును. పదేండ్లు పట్టణములో నుండి వచ్చినవాడు సయితము చెరువులో దిగిన వెంటనే ఈదును. కాని ముందు ఇది, తరువాత అది, ఇన్ని మారులు, ఇంత లోతు అని మెట్లు మెట్లుగా నుండు పనులు త్వరగా పోవును. వాటిలో ఒక మెట్టు తరువాతి మెట్టును తనంతట తాను పిలువదు. ఊపిరి ఆగినవానికి చేయు చికిత్స ఈ రెండవ జాతిలోనిది. నేర్చుకొనిన కొలది నెలలలోనే ఆ నేర్పు తరిగిపోవునని వైద్యులు అనేక పర్యాయములు పరీక్షించి చూచిరి.

అన్నిటికంటె అపాయకరమైన సంగతి యేమనగా, నేర్పు తరిగినంత త్వరగా ధైర్యము తరుగదు. పని పోవును, “నాకు వచ్చును” అను తలంపు మిగులును. గోడమీది పత్రము పసుపుబారినను దానిమీది అక్షరములు చెరగవు. అవి చూచి ఇతరులు మోసపోవుదురు, మనమును మోసపోవుదుము.

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశములో హేడమ్ అను గ్రామమున ఒక లూథరన్ ఆసుపత్రి కలదు. నార్వే దేశపు మిషనరీల ప్రయాసమువలన 1955లో ప్రారంభమైనది. పట్టణమునకు దూరముగానున్న ఆ చోట సంవత్సరమునకు వేలకొలది కాన్పులు జరుగును. పుట్టిన బిడ్డలలో కొందరు వెంటనే ఊపిరి తీయరు. అట్టివారిని తుడిచి, వీపు రుద్ది, అప్పటికిని ఊపిరి రానియెడల ముఖమునకు తొడుగు పెట్టి, చేతిసంచితో గాలి నందించవలెను. ఇది మొదటి నిమిషములోనే జరుగవలెను. 2010లో ఆ ఆసుపత్రి దాదులకును నర్సులకును ఒక దినము శిక్షణ యిచ్చిరి. బిడ్డంత బొమ్మను వారి చేతికిచ్చి చేయించిరి. ఏడు నెలల తరువాత మరల బొమ్మమీద పరీక్షించిరి. వారు మునుపటికంటె చాల బాగుగా చేసిరి. శిక్షణ ఫలించినదని ఎవరైనను అనుకొందురు.

కాని ఆ పరీక్షకులు అంతటితో ఆగలేదు. కాన్పుగదిలో నిజమైన బిడ్డలకు ఏమి జరుగుచున్నదో వ్రాయించుచు వచ్చిరి. అక్కడ చూడగా, శిక్షణకు ముందును తరువాతను దాదులు చేయు పనిలో భేదము కనబడలేదు. బొమ్మమీద చేయగలిగిన చేతులు బిడ్డమీద చేయలేకపోయినవి. రాత్రివేళ, తల్లి కేకల మధ్య, ఊపిరి లేని నీలి బిడ్డ చేతిలోనున్నప్పుడు, ఎప్పుడో నేర్చిన పాఠము చేతులలోనికి దిగి రాలేదు. ఈ మాట చదివినప్పుడు నాకు కాలువ గట్టు జ్ఞాపకమునకు వచ్చినది.

వారేమి చేసిరో వినుడి.  మరియొక పెద్ద శిక్షణ పెట్టలేదు. ఆ బొమ్మను కాన్పుగది యొద్దనే ఉంచిరి. వారమునకొకసారి, మూడు మొదలు అయిదు నిమిషములు, డ్యూటీలోనున్న చోటనే దానిమీద అభ్యాసము చేయించిరి. అంతే. దానికి ముందు సంవత్సరమునను దాని తరువాతి సంవత్సరమునను కాన్పులు ఇంచుమించు సమానమే, 4,894 ముందు, 4,814 తరువాత. పుట్టిన 24 గంటలలో చనిపోయిన బిడ్డలు ముందు వెయ్యికి 11.1 మంది యుండగా, తరువాత 7.2 మందికి తగ్గిరి. ఒక సంవత్సరమును మరియొక సంవత్సరముతో పోల్చినప్పుడు ఇతర కారణములు కూడ కలిసియుండవచ్చును. అయినను వీపు రుద్దుట మొదలగు మొదటి పనులు దాదులు మునుపటికంటె ఎక్కువమంది బిడ్డలకు చేసిరనియు, చేతిసంచి అవసరమైన బిడ్డలు తగ్గిరనియు ఆ లెక్కలోనే కనబడినది.  వారి మనస్సాక్షి మారలేదు. వారమునకు అయిదు నిమిషములు మాత్రము మారెను.

“ఇది అరుదైన పని గనుక మరచిరి, దినదినము పని చేయువానికి ఈ భయమెందుకు?” అని మీలో కొందరు అడుగుదురు. దినదినము చేయు పనిలో కూడ అరుదైన మూలలుండును. 2009 జూన్ 1వ తేదీన రియో డి జనీరోనుండి పారిస్ నగరమునకు పోవు ఎయిర్ ఫ్రాన్స్ విమానము అట్లాంటిక్ సముద్రములో పడి 228 మంది చనిపోయిరి. వేగమును కొలుచు గొట్టములలో మంచు చేరి, వేగపు లెక్కలు తప్పినవి. విమానమును తనంతట నడుపు యంత్రము విడిచిపెట్టినది. పైలట్లు చేతులతో నడుపవలసి వచ్చినది. వారు విమానము ముక్కును పైకెత్తిరి. అది ఆధారము కోల్పోయి, అయిదు నిమిషములు గడువకముందే నీటిలో పడెను. వారు అనుభవములేనివారు కారు. వేల గంటలు ఆకాశములో గడపినవారు. కాని 2012లో వచ్చిన విచారణ నివేదిక ప్రకారము, అంత యెత్తున చేతులతో నడుపుటయందును, వేగపు లెక్కలు తప్పినప్పుడు చేయవలసిన పద్ధతియందును ఆ సహ పైలట్లకు శిక్షణ లేకపోయెను. దినదినము నడిపినది యంత్రము. యంత్రము విడిచిన ఆ కొలది నిమిషములే వారివి. ఆ నిమిషముల కొరకు ఎవరును వారిని సిద్ధపరచలేదు.

పెద్ద శస్త్రవైద్యుల సంగతి చూడుడి. 2007, 2008 సంవత్సరములలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఎనిమిది నగరములలో ఎనిమిది ఆసుపత్రులయందు ఒక చిన్న పద్ధతిని పరీక్షించిరి. మన ఢిల్లీ వాటిలో ఒకటి. ఆపరేషనునకు ముందును, తరువాతను 19 సంగతుల పట్టికను అందరును వినునట్లు చదువుట, అంతే ఆ పద్ధతి. రోగి పేరు సరియా, ఏ ప్రక్కన కోయవలెను, మందు ఇచ్చితిమా అనునవి. ఇవి ఆ వైద్యులకు తెలియనివి కావు. ఆ పట్టిక చదువుటకు ముందు చనిపోయిన రోగులు నూటికి 1.5 వంతులుండగా, తరువాత 0.8 వంతులైరి. తెలిసినవానికే తెలిసిన సంగతిని మరల వినిపించుట ఎంత పని చేసెనో చూడుడి. అనుభవము మరపును మాన్పదు. కొన్నిసార్లు దానిని కప్పిపుచ్చును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఒకడు ఇట్లు వాదించును. “నా చేతిలో లేనిదానికి నన్ను నిందించరాదు. గట్టుమీద ఆ నిమిషమున జ్ఞాపకము తెచ్చుకొనుట నా చేతిలో లేదు. కాబట్టి నేను నిర్దోషిని.” ఈ వాదములో కొంత న్యాయమున్నది. ఆ నిమిషమునకు మాత్రమే తీర్పు తీర్చిన యెడల అతడు నిర్దోషియే. ఎంత ప్రేమగలవాడైనను, ఎంత ఏడ్చినను, లేని జ్ఞాపకమును రప్పించలేడు. పిల్లవానిమీద ప్రేమలేక నా చేతులు ఆగలేదు.

కాని మన బాధ్యత ఆ నిమిషముతో మొదలు కాలేదు. ఇరువది సంవత్సరములుగా నాకు ఆదివారము సాయంకాలములు ఉండెను. పట్టణములో నేర్పువారు ఉండిరి. ఆ పత్రమును చూచిన ప్రతిసారి “ఇది ఇప్పుడు నాకు వచ్చునా?” అని అడుగుట నా చేతిలోనే యుండెను. నేను అడుగలేదు. వచ్చునని అనుకొనుట నాకు హాయిగా నుండెను. మరచుట మనుష్యుని స్వభావము. మరతునని యెరిగియు ఏర్పాటు చేసికొనకపోవుట మనుష్యుని తప్పు. కాలువ గట్టుమీద నేను చేసిన తప్పు ఏదియు లేదు. అది అంతకు ముందే, ముందు గదిలోనే జరిగిపోయినది.

ఆదికాండములో ఫరో పానదాయకుల అధిపతిని జ్ఞాపకము చేసికొనుడి. చెరసాలలో యోసేపు అతని కల భావమును చెప్పి, క్షేమము కలిగినప్పుడు తనను జ్ఞాపకము చేసికొనుమని వేడుకొనెను. అతడు ద్వేషముతో కాదు, మరపుతోనే యోసేపును విడిచిపెట్టెను. దానివలన రెండు సంవత్సరములు ఒక నిరపరాధి చెరసాలలో నుండెను. ఫరో కల కన్నప్పుడు ఆ అధిపతి నోరు తెరచి, ఆ దినమున తన తప్పిదములు తనకు జ్ఞాపకమునకు వచ్చుచున్నవని ఒప్పుకొనెను. పనులెక్కువై మరచితినని తప్పించుకొనలేదు. ఆలస్యముగానైనను ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలువలననే చెరసాల తలుపు తెరవబడెను.

అయితే ఈ భారమంతయు మరచినవాని తలమీదనే వేయుట న్యాయము కాదు. నేర్పి, పత్రమిచ్చి, మరల ముఖము చూడనివారికి ఇందులో వంతు లేదా? పదేండ్లకొకసారి వచ్చు ప్రమాదమునకు ఒక్క దినపు పాఠము చాలునని ఎంచిన అధికారులకు వంతు లేదా? పని చెడినప్పుడు చివర చేయి పెట్టినవాడే అందరికి కనబడును. ఆ చేతికి అభ్యాసము ఇయ్యనివారు కనబడరు. అమెరికా దేశపు నియమము ప్రకారము, లైసెన్సు ఎంత పాతదైనను, గడచిన 90 దినములలో మూడుమార్లు విమానమును ఎక్కించి దింపియుండని పైలటు ప్రయాణికులను ఎక్కించుకొనరాదు. ఈ నియమము పైలటును అవమానపరచుటకు కాదు. మనుష్యుడు మరచునని ముందే ఒప్పుకొని, అతనిని కాపాడుటకు ఏర్పడినది. మంచి యజమానుని నియమము ఇట్లుండును.

మరచితిని అనువానిని వెంటనే శిక్షించు చోట ఎవడును మరచితినని చెప్పడు. తెలిసినట్టే తల ఆడించును. ఆ తల ఆడింపువలన ప్రాణములు పోవును. మన యిండ్లలోను, బడులలోను, ఆసుపత్రులలోను, సంఘములలోను “నాకు ఇది సరిగా జ్ఞాపకము లేదు, మరల చూపండి” అను మాటను నగకుండ వినుట నేర్చుకొందము. నలువది యేండ్లు దాటినవాడు ఆ మాట అనుట ఎంత కష్టమో నేను ఎరుగుదును. పెద్దవాడు పిన్నవానిని అడుగుట ఇంకను కష్టము. కాని ఆ దినమున ఆ అమ్మాయి “జరగండి” అన్నప్పుడు జరుగుటయే నేను చేసిన ఒకే ఒక మంచి పని.

దేవుడు తన ప్రజలను ఎరిగినవాడు గనుక వారి జ్ఞాపకమును వారి మనస్సుకే విడిచిపెట్టలేదు. వస్త్రముల అంచులకు కుచ్చులు కట్టుకొనుమనెను. యొర్దాను దాటినప్పుడు నదిలోనుండి పండ్రెండు రాళ్లు తీయించి గిల్గాలులో నిలువబెట్టించెను. పిల్లలు అడిగినప్పుడెల్ల పెద్దలు ఆ కథ మరల చెప్పవలెను. నదిని దాటిన తరమువారే దానిని మరతురని దేవునికి తెలియును. పేతురు కూడ తన రెండవ పత్రికలో, తెలిసిన సంగతులనే మరల జ్ఞాపకము చేయుటకు వెనుదీయనని విశ్వాసులకు వ్రాసెను. మనము ఆదివారము ఆదివారము విన్నదానినే వినుచున్నామని కొందరు విసుగుకొందురు. విన్నది మనలో నిలుచునట్టిదైన యెడల ఒక్క ఆదివారము చాలియుండును.

కావున, సహోదరీ సహోదరులారా, మీ చేతిలోనున్న పనిని ఒకసారి చూచుకొనుడి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పనిచేయువాడవా? బడిపిల్లల బస్సు నడుపువాడవా? మందుల దుకాణములో మందు లెక్కించి ఇచ్చుదానవా? నీ పనిలో అరుదుగా వచ్చునదియు, వచ్చినప్పుడు ప్రాణముతో కూడినదియు ఏది? దానిని కడపటిసారి నీ చేతులతో ఎప్పుడు చేసితివి? ఎప్పుడు నేర్చుకొంటివని నేను అడుగుట లేదు. ఎప్పుడు చేసితివని అడుగుచున్నాను. దానిని కొంచెముగా, తరచుగా, నీవు పనిచేయు చోటనే చేసి చూచుకొనుము. మెట్లను ఒక కాగితముమీద వ్రాసి కంటికి కనబడు చోట అంటించుము. కాగితము చూచి పనిచేయుట అవమానము కాదు.

నా కథ ఇంకను ముగియలేదు. ఆ కోడిని తెచ్చిన తల్లి కనబడినప్పుడెల్ల నమస్కరించుచు పోవును. ప్రతి నమస్కారమును నాకు ముల్లువలె నుండెను. రెండు వారములు తాళి, ఒక సాయంకాలము వారి యింటికి పోయితిని. అరుగుమీద కూర్చుండి, “అమ్మా, నీ బిడ్డను బ్రతికించినది నేను కాను. నేను నేర్చినది మరచిపోయి, చేతకాక కూర్చుంటిని. బ్రతికించినది ఆ నర్సు చదివే అమ్మాయి. నీవు ఇచ్చిన కోడి ఆమెకు చెందవలసినది” అని చెప్పితిని. కోడి అప్పటికే మా యింట కూర అయిపోయెను గనుక దానిని తిరిగి ఇచ్చుటకు వీలు లేకపోయెను.

ఆమె కోపపడునని, లేక “పోనీలెండి” అని ఓదార్చునని అనుకొంటిని. ఈ రెంటిలో ఏదియు ఆమె చేయలేదు. కొంతసేపు ఊరకుండి, వాకిట ఆడుకొనుచున్న పిల్లవానివైపు చూచి, “అది సరే అయ్యగారూ, రేపు ఇంకో బిడ్డ పడితే ఇప్పుడు మీకు వచ్చా?” అని అడిగినది.

నాకు జవాబు లేకపోయెను. రెండు వారములుగా నేను దోషినా, నిర్దోషినా అని తర్కించుకొనుచుంటిని. ఆమెకు ఆ తర్కముతో పని లేదు. నేను ఒప్పుకొంటిని, అది మంచిదే. అయినను నా చేతులు కాలువ గట్టుమీద ఎట్లుండెనో ఆ సాయంకాలము కూడ అట్లే యుండెను. నా పశ్చాత్తాపము ఇంకను చేతులవరకు దిగలేదు.

ఆ వారమే పట్టణమునకు పోయి, సిగ్గు విడిచి, నాకంటె చాల చిన్నవారితో కూర్చుండి మరల నేర్చుకొంటిని. ఇప్పుడు మా యూరిలో ప్రతి నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, గుడి వరండాలో అయిదు నిమిషములు ఈ అభ్యాసము చేయుచున్నాము. బొమ్మ కొనుటకు డబ్బు చాలక, పాత దిండును గట్టిగా కట్టి వాడుచున్నాము. ఉప కేంద్రపు నర్సమ్మ వచ్చి చేతులు సరిగా నున్నవో లేవో చూచును. ఆ తల్లి కూడ చేయును, అందరికంటె గట్టిగా నొక్కును. గోడమీది పత్రమును నేను తీసివేయలేదు. దాని అద్దముమీద ఒక చిన్న కాగితము అంటించి, కడపటిసారి అభ్యాసము చేసిన తేదీని ప్రతి నెల పెన్సిలుతో వ్రాయుచున్నాను. ఇంటికి వచ్చువారు ఇప్పుడు చదువవలసినది ఆ తేదీయే.

“మరచితిని” అనుట జవాబగునా అని మొదట అడిగితిని. గడచినదానికి అది ఒప్పుకోలు కావచ్చును. రాబోవుదానికి అది జవాబు కాదు. ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్ననే, చదువరీ, నీ పనిని గూర్చి నిన్నును అడుగుచున్నాను. ఇప్పుడు నీకు వచ్చునా?